కొసరుగా వచ్చిన కుక్క

రెండు బస్సు టికెట్లతో తేలిపోయే పనిని చిలకపచ్చ లంగాల గుడ్డ తానుల దాకా లాగిన మొనగాణ్ణి నేను. జగిత్యాల బట్టల బజారులో నాకంటే తెలివైన వ్యాపారులు చాలామంది ఉన్నారు, కాదనను. కానీ తన సొంత కుక్కను ఊరికే అప్పగించడానికి సిద్ధంగా కూర్చున్న మనుషుల దగ్గరికి పోయి, బేరం మొదలుపెట్టి, వాళ్ల చేతనే ఇవ్వము పొమ్మనిపించుకున్నవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. ఈ ఘనత ఇన్నాళ్లూ మా ఇంటి గోడల మధ్యే ఉండిపోయింది. మొన్న పడిన వాన దాన్ని బయటికి తెచ్చింది.

కొత్త బస్టాండు దగ్గర దిగి ఇంటికి నడుస్తుంటే చినుకులు మొదలయ్యాయి. తల తడవకుండా ఉంటే చాలని ఒక దుకాణం మెట్లెక్కాను. ఎక్కాక చూస్తే అది కుక్కల సామాను అమ్మే దుకాణం. కుక్కలకు మెడపట్టీలు, కుక్కలకు సబ్బులు, కుక్కలకు దువ్వెనలు, చలికాలానికి ఊలు కోట్లు, అన్నీ అద్దాల వెనుక బంగారు నగల్లాగా అమర్చి ఉన్నాయి. మా కాలంలో మనుషులకే ఇన్ని దొరికేవి కావు. ఊరికే నిలబడితే బాగుండదని ఒక మెడపట్టీ ధర అడిగాను. దుకాణం నడిపే ఆమె చీటీ చూపించింది. చూసిన వెంటనే నా నోరు నన్నడగకుండానే సగం ధర చెప్పింది. ఆమె నవ్వి, గోడ మీద ధరలు మారవని రాసిపెట్టిన బోర్డు వైపు వేలు చూపింది. సరే, ధర తగ్గించకపోతే పోనీ, కొసరేమన్నా ఇస్తావా అమ్మా అని అడిగాను. "అంటే ఏంటంకుల్?" అన్నది.

కొసరంటే ఏమిటో నా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సేరు పప్పు తూచాక పైన వేసే గుప్పెడు, మూర పూలు కొలిచాక ఇంకొంచెం జరిపి తెంపే దారం, జాకెట్టు గుడ్డ చింపేటప్పుడు కత్తెరను రెండు వేళ్ల మేర అవతలికి జరపడం. అది అమ్మేవాడి దయా కాదు, కొనేవాడి హక్కూ కాదు, రెంటికీ మధ్యన ఉండేదేదో. ఆమెకు ఇదంతా చెప్పబోయి, వాన తగ్గడంతో ఆగిపోయాను. దారంతా నాకు గుర్తొచ్చింది మాత్రం మా కుక్క. దాని పేరే కొసరు.

మా తాత తాటిచెట్లెక్కినవాడు. మా బాపు చెట్టు దిగి, కోరుట్లలో బట్టల దుకాణం పెట్టాడు. నేను పుట్టింది ఇంట్లోనే అయినా పెరిగింది మాత్రం తానుల మధ్య. లెక్కలు బడిలో నేర్చుకున్నాను, బతుకుతెరువు బాపు పక్కన కూర్చొని నేర్చుకున్నాను. అమ్మేటప్పుడు లోకంలో అంతకంటే మంచి గుడ్డ లేదు, కొనేటప్పుడు లోకంలో అంతకంటే పాడు గుడ్డ లేదు, ఇదీ ఆయన చదువు. కొనే సరుకును రెండు వేళ్లతో పట్టుకొని చూడాలి, ముఖం కొంచెం చిట్లించాలి, పక్కన పెట్టి వానల గురించి మాట్లాడాలి. కావాలని కళ్లలో తెలిసిందా, ధర పెరుగుతుంది. ఎంతకూ దిగకపోతే లేచి గడప దగ్గరికి పోయి ఒక చెప్పు తొడుక్కోవాలి. రెండోది తొడుక్కోవద్దు. ఒక్క చెప్పుతో నిలబడ్డ మనిషిని చూస్తే అమ్మేవాడి గుండె జారుతుందని, వెనక్కి పిలవక మానడని ఆయన నమ్మకం. నేను చూసినంతవరకు పిలవనివాడు లేడు. ఆ ఒక్క చెప్పు మీదే మా బాపు ఇల్లు కట్టాడు.

నేను జగిత్యాలలో సొంత దుకాణం పెట్టుకున్న కొన్నేళ్లకు, కోరుట్లలో ఒక పాత వ్యాపారి దుకాణం ఎత్తేస్తూ అద్దాల బీరువా అమ్ముతున్నాడని తెలిసి పోయాను. పొద్దుటి నుంచి ఎండెక్కేదాకా బేరమాడాను. ధర దించాను, బండి కిరాయి ఆయన మీదే వేశాను, అన్నీ అయ్యాక అలవాటు కొద్దీ కొసరేమిస్తావన్నాను. ఆయన అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. మెట్ల కిందికి వంగి, అక్కడ గోనెసంచి మీద పడుకున్న కుక్కపిల్లల్లోంచి ఒకదాన్ని మెడ పట్టుకొని ఎత్తి, బీరువా పై అరలో పెట్టాడు. "ఇగో సేటు, కొసరు. ఇగనన్న పో" అన్నాడు.

వాళ్లింట్లో పెంచుకున్న బొచ్చుకుక్కకూ, బజారులో తిరిగే ఏదో కుక్కకూ పుట్టిన పిల్ల అది. వెనకసగం తల్లి పోలిక, బొచ్చు బొచ్చుగా ఉండేది. ముందుసగం తండ్రిది, బక్కగా, బిస్కెట్ రంగులో ఉండేది. ఒక చెవి నిక్కి ఉండేది, ఇంకొకటి వంగి ఉండేది. పెరిగినా పెద్ద పిల్లికంటే కొంచెమే ఎక్కువైంది. ఎవరైనా ఏ జాతి అని అడిగితే నేను ధర ఎక్కువున్న పేరేదో చెప్పేవాణ్ణి. కుక్కను చూసినవాళ్లెవరూ నమ్మేవాళ్లు కాదు.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి, ఎందుకంటే కుక్కను తెచ్చింది నేనైనా కుక్క ఆమెది. అక్క నాకంటే చాలా పెద్దది, నన్ను చంకనేసుకొని కోరుట్ల బజారంతా తిప్పింది. రాయికల్‌కు కోడలై పోయింది. పిల్లలు కలగలేదు. బావ ఎడారి దేశంలో కొన్నేళ్లు పనిచేసి, ఒంట్లో రోగంతో తిరిగొచ్చి, ఎక్కువ కాలం ఉండలేదు. ఆయన పోయాక అక్క ఒక రేకు పెట్టెతో మా ఇంటికొచ్చింది. నేనే తీసుకొచ్చాను. మా ఇంటామె కూడా వదినా వదినా అంటూ బాగానే చూసుకునేది. కానీ అక్క మా ఇంట్లో చుట్టంలాగే ఉండేది. చాయ్ తాగాలనిపిస్తే "పెట్టుకోనా?" అని అడిగేది. ఎండాకాలం చెమటతో తడుస్తూ కూర్చొని, మేము వచ్చి ఫ్యాను వేసేదాకా ఆగేది. మాటల్లో ఎప్పుడూ మీ ఇల్లు, మీ వంట, మీ దుకాణం. అందరూ తిన్నాక తినేది. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో నేను మర్చిపోయేంత మెల్లగా మాట్లాడేది. చిన్నప్పుడు నేను దారి తప్పితే వీధి చివరి నుంచి కేకేసిన గొంతే అది అంటే నమ్మబుద్ధి కాదు.

బీరువాతోపాటు బండి దిగిన కుక్కపిల్ల నడవలోకి వచ్చి రాగానే చేయకూడని పని చేసింది. అప్పుడు లోపలి నుంచి ఒక కేక వినబడింది. "ఓ పిల్లా, ఎవలు ఎత్తిపోస్తరే ఇదంత? నీ అయ్యనా?" నేనూ మా ఇంటామే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అది అక్క గొంతు.

ఆనాటి నుంచి ఆమె పొద్దున లేచింది మొదలు కుక్కను తిట్టడం మొదలుపెట్టేది. దుకాణం ముందు, ఇల్లు వెనుక కావడంతో కొనడానికొచ్చిన గిరాకీలకు కూడా అంతా వినబడేది. "కొస్రూ, నీ పాడుగాను, చెప్పు ఏడ దాసినవే?" "ఏందే, దొరసానివా? పెరుగన్నం పెడ్తెనే తింటవా? తమ్ముడు సూస్తె ఇద్దరిని ఎల్లగొడ్తడు." కుక్క వంగిన చెవిని కూడా నిక్కించి వినేది. అది తిట్టు కాదని దానికి తెలుసు. ఇంట్లో అడగకుండా, మొహమాటపడకుండా, గొంతు పెంచి మాట్లాడటానికి అక్కకు దొరికిన ఒకే ఒక్క ప్రాణి అది. దానికి పెరుగు వేయడానికి ఆమె ఎవరినీ అడిగేది కాదు. ఆ వంకన తానూ కొంచెం వేసుకునేది. కుక్క వచ్చాక అక్క కొంచెం ఒళ్లు చేసిందని మా ఇంటామె అంటే, అప్పుడు గాని నాకు తెలియలేదు.

కుక్కకున్న ఒకే దురలవాటు బట్టల మీద పడుకోవడం. మా దుకాణానికి సిరిసిల్ల నుంచి లంగాల గుడ్డ, తువ్వాలలు వచ్చేవి. ఆ ఊళ్లో మరమగ్గాలను సాంచాలంటారు. ఒక సాంచాలాయనతో నాకు ఏళ్ల తరబడి బేరం. బతుకమ్మ పండుగ ముందర ఆయన వ్యాను వచ్చి తానులు దించి పోయింది. ఆ గిరాకీలో ఎవరం చూసుకోలేదు, ఖాళీ వ్యానులో మడతపెట్టిన టార్పాలిన్ మీద మా కొసరు ఎక్కి పడుకున్నట్టుంది. సాయంత్రం అన్నం వేళకు అక్క పిలిస్తే రాలేదు.

ఆ రాత్రీ, మర్నాడూ వెతికాం. నేను బండి మీద ధర్మపురి దారిలో పోయి వచ్చాను. అక్క పెరుగన్నం గిన్నె కొంగు కింద పెట్టుకొని గల్లీ గల్లీ తిరిగింది. కానీ బజారులో గొంతెత్తడం ఆమెకు రాదు, కొస్రూ కొస్రూ అని పక్కనున్నవాళ్లకే వినబడనంత మెల్లగా పిలిచేది. మూడు నాలుగు రోజులకు ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఒక పొద్దున అక్క వంటింటి గడపలో నిలబడి మా ఇంటామెను అడిగింది, "చాయ్ పెట్టుకోనా?" అని. ఆ ప్రశ్న విని చాలా రోజులైంది. ఆ మధ్యాహ్నమే రేకు పెట్టె బయటికి లాగి తుడిచింది. రాయికల్‌లో ఇల్లు దుమ్ముపట్టి ఉంటుంది, పోయి ఊడ్చుకుంటానన్నది. ఊడ్వడానికి చీపురు చాలు, పెట్టె ఎందుకు? ఆమె పోతే ఇక రాదని మా ఇద్దరికీ తెలుసు. అక్కడ తాళం వేసిన ఇల్లు, ఒక్కతే బీడీలు చుట్టుకుంటూ కూర్చోవడం, మాట్లాడే దిక్కు ఉండదు. వద్దక్కా అని ఆపాల్సింది నేనే. వ్యాపారం మాటలు తప్ప నాకు వేరే మాటలు రావు.

అదే రోజు సాంచాలాయన ఫోన్ చేశాడు. సరుకు ఎట్లా పోతున్నదని అడిగి, పెట్టేసే ముందు, మా వ్యానులోంచి ఒక చిన్న కుక్క దిగింది సేటూ, మీ దిక్కుదేనా అన్నాడు. ఎగిరి గంతేయాల్సిన మనిషిని నేను. కానీ బాపు చదువు ఎక్కడికి పోతుంది? కావాలని తెలిస్తే ధర పెరుగుతుందని లోపలి నుంచి ఎవరో నా గొంతు పట్టుకున్నారు. "ఏ కుక్క? ఏమో, సూడాలె. ఎట్లాగు సరుకు కోసం రేపు వస్త గద, గప్పుడు సూద్దాం" అన్నాను, ఆవలిస్తున్నట్టుగా. ఫోన్ పెట్టేసి పరుగెత్తి అక్కకు చెప్పాను. ఆమె అప్పుడే చెప్పులేసుకుంది. రేపు అంటే వినలేదు, రాత్రంతా ఆ చెప్పులు మంచం పక్కనే పెట్టుకుంది.

పొద్దున వేములవాడ మీదుగా పోయే బస్సెక్కాం. దారిలో నేను అక్కకు వ్యాపారం నేర్పాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అక్కా, అక్కడ కుక్కను చూసి మురిసిపోవద్దు, ముట్టుకోవద్దు, దాని దిక్కే చూడొద్దు, మనకు కావాలని తెలిస్తే నెత్తినెక్కుతారు అని చెప్పాను. ఆమె కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"కుక్కకు గూడ ధర కడ్తరారా తమ్మీ?"

"వ్యాపారం నీకు తెల్వదక్కా."

"సరే. మీ ఇష్టం."

సాంచాలాయన ఇంటి ముందు గదిలో మగ్గాలు దడదడలాడుతున్నాయి, పక్కనున్న మనిషికి మాట వినబడాలన్నా అరవాల్సిందే. వసారాలో ఆయన తల్లి, ఎనభైకి దగ్గర పడిన అవ్వ, రాట్నం ముందు కూర్చొని కండెలకు నూలు చుడుతున్నది. ఆమె పక్కన వ్యర్థపు నూలు కుప్ప మీద మా కొసరు పడుకొని ఉంది. మెడకు ఎర్ర నూలు తాడు కట్టారు, ముందర సత్తు గిన్నెలో పాలు. మమ్మల్ని చూడటంతోనే అది ఒక్క దూకు దూకింది. నన్ను దాటుకొని పోయి అక్క మీద పడింది. మూలిగింది, చుట్టూ తిరిగింది, ఆమె కూర్చోగానే వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లు ఒళ్లో పెట్టింది.

అక్క రెండు చేతులూ కొంగులో చుట్టుకొని, గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది. నేను చెప్పినట్టే.

అది చూసి నా గుండె కరిగిందని రాస్తే అందంగా ఉండేది. నిజం చెప్పాలంటే, అక్క బాగానే చేస్తున్నదే అనుకున్నాను. అనుకొని నా పని మొదలుపెట్టాను. రెండు వేళ్లతో కుక్క వంగిన చెవి పట్టుకొని, ముఖం చిట్లించి, గీ కుక్క కోసమా నువ్వు ఫోన్ చేసింది అన్నాను. జాతి లేదన్నాను, వెంట్రుకలు రాలుతాయన్నాను, ఇద్దరు మనుషుల తిండి తింటుందన్నాను, దొంగ వస్తే వాడికంటే ముందు ఇదే పారిపోతుందన్నాను. సాంచాలాయన అమాయకంగా మీదే అయితే తోలుకపొండి సేటూ అన్నాడు. అక్కడితో ఆగితే అయిపోయేది. కానీ అంత సులువుగా ఎవరైనా ఏదైనా ఇస్తారా? ఇందులో ఏదో ఉంది, తర్వాత తానుల ధరలో కలుపుతాడని నాకు అనుమానం. అందుకని ఇంకో మెట్టు దిగాను. "తోలుకపోవుడేముంది గని, దీనికి బస్సు టికెట్టు గూడ దండుగే. పాలు పోసినందుకు ఎంత అడుగుతవో అది ముందుగాల చెప్పు" అన్నాను.

అవ్వ రాట్నం ఆపింది. నన్ను చూసింది, అక్కను చూసింది, అక్క ఒళ్లో కాళ్లు పెట్టి ఏడుస్తున్న కుక్కను చూసింది.

"ఏం మనుషులయ్యా మీరు? మూగజీవి గంతగనం కాళ్ల మీద పడ్తుంటె సెయ్యి పెట్టరు. గింత దండుగ కుక్క మీకెందుకు? గీడ్నే ఉంటది. పోండ్రి."

కొడుకు రెండు చేతులూ విప్పాడు, "మా అవ్వ వద్దంటె వద్దే సేటు" అన్నట్టుగా. నేను లెక్క తప్పలేదనే అనుకున్నాను, ఇదంతా ధర పెంచడానికే అనుకున్నాను. లేచి గడప దగ్గరికి పోయి ఒక చెప్పు తొడుక్కొని నిలబడ్డాను.

"రెండోది గూడ తొడుక్కో కొడుకా. ఎండ బాగున్నది, కాలు కాల్తది" అన్నది అవ్వ, మళ్లీ రాట్నం తిప్పుతూ.

నా జన్మలో మొదటిసారి ఎవరూ వెనక్కి పిలవలేదు. సాంచాలు దడదడలాడుతున్నాయి. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. ముందుకు పోతే కుక్క పోతుంది, కుక్క పోతే అక్క పోతుంది. వెనక్కి వచ్చి ఏం చెప్పాలో నాకు రాదు. కొనే సరుకును మెచ్చుకోవడం నాకెవరూ నేర్పలేదు.

అప్పుడు అక్క కొంగులోంచి చేతులు తీసింది. మగ్గాల చప్పుడును మించి అరవడానికి ఊపిరి పీల్చుకుంది. ఆమె నోరు తెరవడమూ కరెంటు పోవడమూ ఒకేసారి జరిగాయి. ఆ గల్లీలోని సాంచాలన్నీ ఒక్క పెట్టున ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మా అక్క గొంతు ఒక్కటే మోగింది.

"నోరు మూస్తవా లేదారా! ఇంటి కాడ సాలదని గీడ గూడ దుకాణం పెట్టినవా? ఎంట్రుకలు ఊస్తయట! నీ నెత్తి మీద ఎన్నున్నయిరా? దాని చెవు వంకరైతె నీ బుద్ధేమన్న సక్కగున్నదా? ముట్టుకోకన్నవు, ముట్టుకోలె. సూడకన్నవు, గోడను సూసుకుంట కూసున్న. ఇగ నాతోని కాదు." అని అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, ఇది నాది. వీనిది కాదు. వీడు కొసరుకు తెచ్చిండు, సాదింది నేను. నాది నాకియ్యవ్వా, నీ కాళ్లు మొక్కుత."

చుట్టుపక్కల ఇళ్లలోంచి ఆడవాళ్లు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. అక్క అప్పటికే కుక్కను ఒళ్లోకి ఎత్తుకుంది. మా ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె నోట నాది అన్న మాట నేను వినడం అదే మొదలు.

అవ్వ పళ్లు లేని నోటితో నవ్వింది. "గీ మాట గడప కాడ్నే అంటె ఐపోవు గద బిడ్డా! తీస్కపో." తర్వాత నా వైపు చూసి, "నువ్వు ఒంటి కాలి మీద ఎంత సేపుంటవయ్యా, కూసో. సాయ తాగు" అన్నది.

కూర్చున్నాను. సాంచాలాయన నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయి, ఎవరూ కొనక మూలన పడ్డ చిలకపచ్చ లంగాల గుడ్డ తానులు తెచ్చి నా ముందు వేశాడు. ఆయనా వ్యాపారే, అదును చూసి కొట్టడం ఆయనకూ తెలుసు. ధర చెప్పాడు. నేను నోరు తెరవబోయి అక్క ముఖం చూశాను. చెప్పినంతకు తీసుకున్నాను. దానికి జోడుగా అంత పచ్చని చీర జగిత్యాల చుట్టుపక్కల ఎవరికీ లేదని ఇంటికొచ్చాక తెలిసింది. వాటిని అమ్మింది కూడా అక్కే. దుకాణంలోకి వచ్చి కూర్చొని, మల్యాల దిక్కు నుంచి వచ్చే ఆడవాళ్లకు, లోపల కట్టుకునేది ఎవలు సూస్తరే, గట్టిగున్నదా లేదా సూడు అని గదమాయించి అమ్మేసింది.

రేకు పెట్టె మంచం కిందికి పోయింది. చాయ్ ఎవరినీ అడగడం మానేసింది, పైగా నాకు చక్కెర తక్కువ వేయడం మొదలుపెట్టింది. తిట్లలో కుక్క వంతు తగ్గి నా వంతు పెరిగింది. గిరాకీల ముందరే తిట్టేది. ధర మరీ పైన చెప్తే వెనక నుంచి దగ్గేది. నేను లోపల కోపంగా, పైకి నవ్వుతూ దించేవాణ్ణి. ఆ దగ్గు వల్ల నాకెంత నష్టమో లెక్క వేయలేదు. దానికోసమే వచ్చే ఆడవాళ్లు కొందరుండేవాళ్లు, అది లాభం కింద రాసుకోవాలో ఏమో తెలియదు.

కుక్క చాలా ఏళ్లు బతికింది. దాని బిస్కెట్ రంగు మూతి దగ్గర తెల్లబడుతుంటే అక్క తల కూడా తెల్లబడింది. చివరి రోజుల్లో ఇద్దరూ ఒకే నడక నడిచేవాళ్లు, నడవలో నాలుగడుగులు వేసి ఒకరి కోసం ఒకరు ఆగుతూ. ఆ మధ్యలోనే మా బజారు మారిపోయింది. ధరలు సంచుల మీద అచ్చయ్యాయి, తూకాలు గ్రాముల దాకా వచ్చాయి, గిరాకీ వచ్చి మాట్లాడకుండా ఫోన్ చూపించి డబ్బు పంపి పోతున్నాడు. మోసం తగ్గింది, నిజమే. మా బాపు లాంటివాళ్ల చేతుల్లో పడి నష్టపోయిన కొత్త కోడళ్లను తలచుకుంటే ఇదే మేలనిపిస్తుంది. కానీ ఒక జాకెట్టు గుడ్డ కోసం అరగంట కూర్చొని, పిల్లల చదువులు, అత్త జబ్బు, ఎడారి దేశంలో ఉన్న పెనిమిటి ఫోన్ చేయని సంగతి, అన్నీ చెప్పుకొని, కొంగుతో కళ్లు తుడుచుకొని, మళ్లీ ధర దగ్గరికి వచ్చి గట్టిగా కొట్లాడి, గెలిచి నవ్వుతూ పోయే మనుషులు ఇప్పుడు రారు. ఇప్పుడు ఎవరి లెక్క వాళ్లకు సరిపోతుంది. చేతిలో ఏదీ మిగలదు, ఏదీ ఒలకదు.

ఒక చలికాలపు పొద్దున కుక్క అక్క మంచం కాళ్ల దగ్గరే పోయింది. మల్యాల దారిలో తెలిసినవాళ్ల మక్కచేను ఉంది, ఆ గట్టున పెడదామన్నాను. అక్క ఆటోలో నా పక్కన కూర్చొని, పాత దుప్పటిలో చుట్టిన దాన్ని ఒళ్లో పెట్టుకొని వచ్చింది. గట్టు దగ్గర గుంత తవ్వడానికి వచ్చినాయన నేల గట్టిగా ఉందని పారతో కొట్టి చూపించి, అయిదు వందలడిగాడు. ఇంత చిన్న గుంతకు అంతెందుకని నాలుగు వందలన్నాను. కావాలని అనలేదు, నోరే అన్నది. ఆయన తలూపి తవ్వడం మొదలుపెట్టాడు.

అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. అంతా అయ్యాక, ఆయన పార కడుక్కుంటుంటే దగ్గరికి పోయి, కొంగు ముడి విప్పి, నలిగిన నోటొకటి ఆయన చేతిలో పెట్టి, తిరిగి వచ్చి ఆటోలో కూర్చుంది.

గుంతకు అయింది అయిదు వందలు. అందులో నావి నాలుగు వందలు, అక్కవి వంద.